నిద్రవంత

ఆ పిల్ల పాడింది తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అయితే ఒప్పుకోకుండా ఉండడానికి కూడా ఓపిక కావాలి. ఒకప్పుడు అది నా దగ్గర దండిగా ఉండేది. నల్లా నీళ్ళు రాకపోతే ఆఫీసుకు పోయి బల్ల గుద్దేవాణ్ణి. బస్సు స్టాపు కాస్త అవతలికి జరిపితే డిపో మెట్ల మీద బైఠాయించేవాణ్ణి. "ఈయనకు బువ్వ లేకున్నా నడుస్తది, పంచాయితీ లేకుంటే నడవది" అని మా ఇంటామె వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పేది. ఇప్పుడామె లేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా రోడ్డు నడుమ ఏళ్ళకేళ్ళుగా మొండిగా నిలబడ్డ వంతెన స్తంభాలను చూసినా నాకు కోపం రావడం లేదు. వాటి కింద బస్సులో కూర్చుని దుమ్ము మింగుతాను, అంతే. ఉన్న కాస్త కోపమూ ఆరిపోకముందే ఈ సంగతి రాసిపెడదామని కూర్చున్నాను.

మేము ఉప్పల్ పాత ఊరివాళ్ళం. సేద్యం పోయాక నాచారంలో దారం మిల్లులో షిఫ్టులు చేసి దిగిపోయాను. బడిలో చదివింది తక్కువ. మిగతాదంతా కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని చదువుకున్నదే. సరిగమలు కూడా అట్లాగే నేర్చుకున్నాను. అట్ట ఊడిన పుస్తకం ఒకటి, గాలి కారే హార్మోనియం ఒకటి ఉండేవి, చెప్పేవాడు మాత్రం లేడు. అందువల్ల నాకు వచ్చిందెంత, రానిదెంత అనేది నాకే సరిగ్గా తెలియదు.

చిల్కానగర్‌లో ఆంజనేయుడి గుడి వెనక ఒక రేకుల గది ఉంది. శనివారం పొద్దుగూకే వేళ అక్కడ మా భజన. ఒకప్పుడు గది చాలక బయట చాపలు పరిచేవాళ్ళం. ఇప్పుడు మనుషులు చాలక గది మిగిలిపోతోంది. హార్మోనియం నాది. డోలక్ మా బావది, సిటీ బస్సులో కండక్టరు చేసినవాడు, ఇప్పటికీ ఎవరైనా గుమ్మంలో నిలబడితే "లోపలికి జరుగుండ్రి" అంటాడు. మిగతావాళ్ళు తాళాలు పట్టే ముసలివాళ్ళు. తాళం వేస్తూ వేస్తూ కొందరు, వేయకుండానే కొందరు కునికిపాట్లు పడతారు.

మా భజనకు ఒక కట్టుబాటు ఉంది. ముందు పాడేవాడు ఒక చరణం అంటాడు. వెనక వంత పాడేవాళ్ళు దాన్నే తిరిగి అనకూడదు, జవాబు చెప్పాలి. ముందువాడు గొంతును పైన ఎక్కడో ఆపి వదిలేస్తాడు. వెనకవాడు దాన్ని మెల్లగా దింపి ఇంటికి, అంటే మొదటి స్వరానికి, చేర్చాలి. ప్రతిసారీ ఒకే దారిన దింపినా ఊరుకోరు. ముందువాడు అదే చరణం మళ్ళీ అన్నాడంటే, నీ జవాబు చాలలేదు, ఇంకోటి చెప్పు అని అర్థం.

ఇది గుడిలో పుట్టిన కట్టుబాటు కాదు, బావి దగ్గర పుట్టింది. ఇప్పుడు రింగు రోడ్డు పోతున్న చోటుకు కొంచెం ఇవతల మాకు మోట బావి ఉండేది. మా నాయన ఎడ్లను తోలేవాడు. ఎడ్లు దిగువకు నడిస్తే తోలు బొక్కెన నీళ్ళతో పైకి వచ్చి కాలువలో పడేది. ఆ చివర మడి దగ్గర మా చిన్నాయన పార పట్టుకుని నీళ్ళు మలిపేవాడు. ఇద్దరి నడుమ మనిషెత్తు జొన్న. ఒకరికొకరు కనిపించరు. మా నాయన పాటలోనే అడిగేవాడు:

"నీళ్ళు చేరెనా తమ్మీ, నిండెనా మడీ?"

అటు నుంచి జవాబు వచ్చేది:

"సగం నిండెనే అన్నా, సాగనీ ఎడ్లా!"

మడి నిండితే ఒక జవాబు, కాలువకు గండి పడితే ఒక జవాబు, అంబలి తెమ్మనడానికి ఒక జవాబు. అయితే ఎండ బాగా ఎక్కిన పూట ఒక్కోసారి మా నాయన మాటే మా నాయనకు తిరిగి వచ్చేది. "నీళ్ళు చేరెనా తమ్మీ..." అని అటు నుంచి సన్నగా. అంతే, మా నాయన ఎడ్లను నిలబెట్టి చెర్నకోల కింద పడేసేవాడు. "పండుకున్నడు బేకార్గాడు!" అని జొన్నలోంచి ఉరికేవాడు. గట్టు మీద కునుకుతున్నవాడు చెవిన పడ్డదాన్నే తిరిగి పలుకుతాడు. మనిషి అక్కడ ఉన్నాడు, మనసు లేదు; నీళ్ళు నిండి మడి తెగినా వాడికి తెలియదు. దాన్నే మావాళ్ళు నిద్రవంత అనేవాళ్ళు. బావి పూడింది, ఎడ్లు పోయాయి, మాట మాత్రం భజనలోకి వచ్చి కూర్చుంది. మా గదిలో ఎవరైనా ఉన్నదున్నట్టు తిరిగి పాడితే మా బావ డోలక్ ఆపి, "ఏంది, మడి తెగిందా?" అని అడుగుతాడు. కొత్తవాళ్ళకు అర్థం కాదు. మాకు నవ్వు ఆగదు.

ఆ పిల్ల మా ఇంటి వెనక గదిలో అద్దెకుండే వాళ్ళ బిడ్డ. జనగామ దిక్కు నుంచి వచ్చారు. తల్లి నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. తండ్రి నారపల్లిలో, గేటు పెట్టి ఇళ్ళు కట్టిన ఒక వెంచర్‌కు వాచ్‌మన్. ఆయన డ్యూటీకి పోయేది సాయంత్రం, ఆమె డ్యూటీ దిగేది చీకటి పడ్డాక. నడుమ పిల్ల ఒక్కతే. శనివారాలు మాత్రం నా వెంట గుడికి వచ్చేది, మొదట్లో పులిహోర కోసం.

ఒక శనివారం నేను చరణం అని వదిలాను. ముసలివాళ్ళు ఊపిరి కూడదీసుకుంటున్నారు. ఆ లోపల గోడ పక్క నుంచి సన్నటి గొంతు ఒకటి అందుకుంది. నేను ఆపిన చోటు నుంచి ఇంకొక మెట్టు పైకి పోయి, అక్కడ కాసేపు ఊగి, అప్పుడు దిగింది. నేర్పినవాళ్ళెవరూ లేరు. పులిహోర చేతిలోనే ఉంది. నేను అదే చరణం మళ్ళీ అన్నాను, చూద్దామని. ఈసారి వేరే దారిన దిగింది. మా బావ డోలక్ వాయిస్తూనే నా వైపు చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"బావా, మడికాడికి మనిషి దొరికిండు," అన్నాడు తర్వాత, చెప్పులు వేసుకుంటూ.

ఆ రోజు నుంచి వంత ఆమెదే. ముందు చరణం నాదే. పిల్లలు ముందు చరణం పాడరు, అది మా దగ్గర ఇంకో కట్టుబాటు. నాకు ముందు పాడిన పెద్దమనిషి గొంతు పడిపోయాక ఆయన నాకు అప్పజెప్పాడు. నా గొంతూ పోయాక ఎవరికన్నది ఎవరూ అడగరు, నేనూ ఆ మాట ఎత్తను.

సంగీతం వచ్చిన పిల్లల్ని ఏరుకుని ఆరో తరగతి నుంచి అక్కడే ఉంచి చదివించే బడి ఒకటుందని తల్లే తెలుసుకుని వచ్చింది. నగరానికి అవతలి అంచున. పేరు రాయను. ఫ్యాక్టరీలో తోటి ఆమె ఫోనులో చూపించిందట. మామూలు గురుకులాలకు అంతకుముందే ప్రయత్నించి చూశారు, సీటు రాలేదు. ఇదొక్కటే మిగిలింది.

"పాట కోసం కాదు పెద్దనాయినా, గేటున్న జాగ కోసం," అంది. "వీళ్ళ నాయిన కాసేది గేటే గని, గా లోపటి ఇండ్లు మాయి గావు గదా. పొద్దూకినంక ఇది ఒక్కతే ఉంటది. నేనొచ్చేదాంక నా పానం నా దగ్గరుండది. గాడ పదో తరగతి దాంక ఉంచుకుంటరంట."

"పాటకు ఢోకా లేదు బిడ్డా," అన్నాను. "దాని తీరుగ పాడే పిల్ల గీ చుట్టుపక్కల లేదు." నిజంగా అట్లాగే అనుకున్నాను.

పరీక్ష ఉప్పల్‌లోనే, రింగు రోడ్డు పక్క సందులో ఒక బడిలో. ఆదివారం. తల్లి, పిల్ల, నేను. మా బావ కూడా వచ్చాడు, నేను నోరు పారేసుకుంటే పట్టుకోవడానికని. వరండా నిండా పిల్లలు, ఇస్త్రీ బట్టలు, నూనె పెట్టి బిగించిన జడలు. ఒకామె కొడుకుకు ఫ్లాస్కులోంచి వేడి నీళ్ళు తాగిస్తూ, ఫోనులో తంబూర మోగిస్తూ, "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటోంది. ఆ పిల్లవాడు అదే వరుస పలికి పలికి ఆవలిస్తున్నాడు.

"బావా, గాణ్ణి సూడు. గట్టు మీదున్నడు," అని మా బావ నా చెవిలో గొణిగాడు.

నవ్వాను. ఆ నవ్వు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

పిల్లను పిలిచారు. ఉక్కపోతకు గది కిటికీ తెరిచే ఉంచారు కాబట్టి బయటి నుంచి అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. లోపల ముగ్గురున్నారు. కీబోర్డు దగ్గర ఒక యువకుడు, నడుమ ఒక మేడమ్, చివరన కండువా వేసుకున్న పెద్దాయన. మేడమ్ మంచి మనిషి, ముందే చెబుతున్నాను. నీళ్ళు తాగుతావా అని అడిగింది, భయపడకు అంది.

"నీకు వచ్చిన పాట ఒకటి పాడమ్మా."

పిల్ల తొడ మీద తాళం వేస్తూ నిలబడింది. నోరు విప్పలేదు. కాసేపటికి ఒక చరణం పాడింది. మళ్ళీ ఆగింది. తాళం మాత్రం నడుస్తూనే ఉంది. మళ్ళీ ఒక చరణం. మళ్ళీ మౌనం. కిటికీ బయట నాకు అప్పుడు వెలిగింది. పిల్ల వంత మాత్రమే పాడుతోంది. ముందు చరణం నాది. అది ఆమె ఏనాడూ పాడలేదు, పాడకూడదు కూడా. ఆ ఖాళీల్లో ఆమెకు నా గొంతు వినిపిస్తూనే ఉండి ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్ళకు అదెట్లా వినిపిస్తుంది?

"మాటలు మర్చిపోయావా నాన్నా? పర్వాలేదు," అంది మేడమ్.

నేను ఒక అడుగు ముందుకు వేశాను. మా బావ వెనక నుంచి చొక్కా పట్టుకున్నాడు. "నువ్వు పోతే వచ్చే సీటు గూడ రాదు. ఆగు."

తర్వాతది చెవి పరీక్ష. "నేను పాడతాను, తర్వాత నువ్వు పాడాలి" అని, మేడమ్ చిన్న వరుస ఒకటి అంది. నాలుగు స్వరాలు ఎక్కి పైన ఆగింది. పిల్ల ముఖం విప్పారింది. ఇది తనకు తెలిసిన పనే. అందుకుని చక్కగా ఇంటికి దింపింది. మేడమ్ తల అడ్డంగా ఊపి, "మళ్ళీ విను" అని అదే వరుస పాడింది. సరే, జవాబు చాలలేదన్నమాట. పిల్ల ఇంకో దారిన దింపింది. మూడోసారీ అదే వరుస వచ్చేసరికి, పాపం, తన దగ్గరున్న అన్నిటికంటే అందమైన జవాబు బయటికి తీసింది. పైకి పోయి, ఊగి, దిగింది. కండువా పెద్దాయన తల ఎత్తాడు. కీబోర్డు యువకుడు మాత్రం తల దించుకుని రాసుకున్నాడు.

ఆఖరున చప్పట్లు. కీబోర్డు యువకుడు కొట్టినట్టు పిల్ల కొట్టాలి. అతను కొట్టిన చోట పిల్ల కొట్టలేదు. అతను వదిలిన చోటల్లా కొట్టింది.

పిల్ల బయటికి వచ్చాక నేను లోపలికి పోయాను. మా బావ చొక్కా పట్టుకున్నా పోయాను.

"అమ్మా, ఆ పిల్ల తప్పు పాడలే. మీరు అడిగిండ్రు, అది జవాబు చెప్పింది."

"మేం ప్రశ్నేం అడగలేదండీ," అంది మేడమ్. "విన్నది విన్నట్టు పాడగలదా లేదా అని చూస్తున్నాం."

మోట గురించి చెప్పాను. జొన్న గురించి చెప్పాను. నిద్రవంత అంటే ఏమిటో చెప్పాను. ఓపికగా విన్నందుకు ఆమెకు దండం పెట్టాలి. కండువా పెద్దాయన అయితే ముందుకు వంగి మరీ విన్నాడు. "చాలా పాత పద్ధతి. ఎవరైనా రికార్డు చేసి పెట్టాలి ఇవన్నీ," అన్నాడు. రికార్డు చేయాలట! పెట్టెలో పెట్టుకుంటారు గానీ బడిలో పెట్టుకోరన్నమాట.

"పెద్దాయనా," అంది మేడమ్. గొంతులో చిరాకు లేదు, అలసట ఉంది. "మీరు చెప్పింది నాకు అర్థమవుతోంది. కానీ ఒక్కో పిల్లకు ఒక్కో కొలత పెట్టామనుకోండి, రేపు ఇంకొకరు వచ్చి మా పిల్లకెందుకు పెట్టలేదంటే ఏం చెప్పాలి?"

అట్లా అడిగే మొదటివాణ్ణి నేనే అయి ఉండేవాణ్ణి. మిల్లులో ఉన్నప్పుడు ఏటా పాటల పోటీ పెట్టేవాళ్ళు. సినిమా పాటను రికార్డులో ఉన్నట్టే, మధ్యలో వచ్చే దగ్గుతో సహా దించినవాడికి మేనేజరు బహుమతి ఇచ్చేవాడు. "అచ్చం రికార్డే!" అనేవాడు. అచ్చం రికార్డే కావాలంటే రికార్డు పెట్టుకో, మనిషెందుకు అని నేను క్యాంటీన్‌లో అరిచాను. ఎవరూ వినలేదు. ఆ వయసులో వినకపోతే ఇంకా గట్టిగా అరవబుద్ధయ్యేది. ఇప్పుడు, "సరే అమ్మా" అని వచ్చేశాను.

ఆటో రింగు రోడ్డు దాటాక పిల్లే అడిగింది.

"తాతా, ఆ మేడమ్ ఒక్కటే మల్ల మల్ల పాడింది. నేను జెప్పింది ఒక్కటి గూడ ఆమెకు సరిపోలేదా?"

"మస్తు సరిపోయింది బిడ్డా," అన్నాడు మా బావ ముందు సీట్లోంచి. "ఆమె మడే తెగింది."

పిల్ల నవ్వింది. తల్లి నవ్వలేదు. ఒడిలో సంచిని గట్టిగా పట్టుకుని, దాటిపోతున్న షాపుల్ని చూస్తూ కూర్చుంది.

సీటు రాలేదు. ఆవలించిన పిల్లవాడికి వచ్చిందని తర్వాత తెలిసింది. వాడి తప్పేం లేదు. పిల్లను పక్కనే ఉన్న బడిలో ఆరులో వేశారు. సాయంత్రాలు మళ్ళీ ఆ గది, ఆ తలుపు, ఆ గొళ్ళెం. శనివారాలు భజన. నిజం చెప్పాలంటే శనివారం వచ్చిందంటే నాకు బాగానే ఉండేది. సీటు రాని బాధ వాళ్ళది, వంత దక్కిన సుఖం నాది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం ఎవడో తాగి వచ్చి, తన ఇల్లే అనుకున్నాడేమో, ఆ గది తలుపు బాదాడు. చాలాసేపు బాదాడట. నేను ఇంట్లో లేను, దవాఖానాకు పోయి ఉన్నాను. నేను తిరిగొచ్చేసరికి వాడు లేడు. తల్లి వచ్చి తలుపు తట్టినా పిల్ల తీయలేదు. "నేనే బిడ్డా, నేనే" అని ఎంత అన్నా తీయలేదు. చివరికి కిటికీలోంచి చూస్తే మంచం కింద కాళ్ళు కనిపించాయి.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోతూ తల్లి నా ముందు నిలబడింది.

"ఏడో తరగతిల మిగిలిన సీట్లకు మల్ల పరీక్ష వెడుతరంట పెద్దనాయినా. వాళ్ళకెట్ల కావాల్నో గట్ల నేర్పు. ఉన్నదున్నట్టు పాడుడు నేర్పు."

"గది పాట గాదు బిడ్డా..."

"కాకుంటే కాకపాయె," అంది. "నాకు పాట గాదు గావల్సింది. నీకు ఎరికే గదా."

ఎరికే. ఆమె షిఫ్టుకు టైమైంది, వెళ్ళిపోయింది.

ఆ రోజు సాయంత్రమే హార్మోనియం వాకిట్లోకి తెచ్చుకున్నాను. చిన్న వరుస ఒకటి అని ఆపాను. పిల్ల అందుకుని దింపింది.

"గట్ల గాదు. నేనేమంటే గదే అను."

మళ్ళీ అన్నాను. మళ్ళీ దింపింది. నాలుక కరుచుకుంది.

"తాతా, గిది నిద్రవంత గదా?"

"అవ్."

"అంటే నువ్వే తిడ్తవు గదా?"

"ఇప్పుడు నేనే జెప్తున్న. కండ్లు తెర్సుకొని పండుకో."

పకపకా నవ్వింది. నేను కూడా నవ్వే ప్రయత్నం చేశాను. తర్వాత చాలా సాయంత్రాలు అదే పని. నేను చరణాన్ని పైన ఆపేవాణ్ణి. ఆమె కూడా అక్కడే ఆపేది. చరణం అట్లాగే గాలిలో వేలాడుతూ ఉండేది, దింపేవాళ్ళు లేక. వినలేకపోయేవాణ్ణి. నాకే తెలియకుండా హార్మోనియం మీద నా వేళ్ళు ఇంటి స్వరం వైపు పోయేవి. వెనక్కి లాక్కునేవాణ్ణి.

"మరి జవాబు ఎవలు జెప్తరు తాతా?" అని ఒకరోజు అడిగింది.

"ఎవ్వలు జెప్పరు. వాళ్ళకు మడి లేదు."

పిల్లకు ఆ మాట సరిపోయింది. పిల్లలకు త్వరగా సరిపోతాయి.

ఇక మిగిలింది పాట. వంత ఒక్కటే పాడితే మళ్ళీ మర్చిపోయిందనుకుంటారు. కాబట్టి ముందు చరణం కూడా ఆమే పాడాలి, నడుమ ఖాళీ లేకుండా. ఆ సంగతి మా బావకు చెబితే డోలక్ తాళ్ళు బిగిస్తున్నవాడల్లా చేయి ఆపాడు.

"నువ్వింక ఉన్నవ్ గదా బావా. గప్పుడే ఇచ్చేస్తున్నవా?"

"పరీక్ష కోసమే."

"పరీక్ష అయినంక మల్ల గుంజుకుంటవా?" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వలేదు, వాడూ నవ్వలేదు.

ముందు చరణం నేర్పాను. నాకు అప్పజెప్పిన పెద్దమనిషి ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో, నేను ఎక్కడ తీసుకుంటానో అన్నీ చెప్పాను. ఆమెకు అంత ఊపిరి అక్కర్లేదు. నా కంటే తేలికగా ఎక్కింది. "ఇప్పుడు వెంటనే వంత అందుకో. ఆగకు. ఆగితే మర్చిపోయినవనుకుంటరు." ఆగేది. అలవాటు అది. నా వైపు చూసేది. "ఆగకన్నగదా" అని కసిరేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆగడం మానేసింది.

రెండో పరీక్ష గురించి రాయడానికేమీ లేదు. అదే బడి, అదే కిటికీ, అదే మేడమ్. కండువా పెద్దాయన మాత్రం లేడు. పిల్ల పాట మొదటి నుంచి చివరి దాకా పాడింది. విన్న వరుసను విన్నట్టే ఇచ్చింది, ఎన్నిసార్లు పాడితే అన్నిసార్లు. కొట్టిన చోట కొట్టింది, వదిలిన చోట వదిలింది. మేడమ్ కిటికీలోంచి నన్ను గుర్తుపట్టి, బయటికొచ్చి మరీ చెప్పింది.

"ఈసారి చాలా బాగా ప్రాక్టీసు చేయించారండీ."

మనస్ఫూర్తిగానే అంది. నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఏడాది పొడవునా నోట్లో నానబెట్టుకున్నవి. "మీ దయ అమ్మా" అని మాత్రం అన్నాను. మా బావ నా చొక్కా పట్టుకోలేదు. అవసరం లేదని వాడికి తెలిసిపోయినట్టుంది.

సీటు వచ్చింది.

తల్లి పాలకోవా తెచ్చి చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కబోయింది. వద్దన్నాను. ఆమె ముఖం చూశాను. ఏళ్ళుగా మోస్తున్న గంపను ఎవరో పట్టి దింపినట్టుంది. ఆ ముఖం చూశాక పరీక్షను తిట్టడానికి నాకు నోరు రాలేదు. తిట్టాలని మాత్రం ఉండింది, ఇప్పటికీ ఉంది. రెండూ నిజమే.

బడికి పంపే ముందు శనివారం పిల్ల భజనకు వచ్చింది. తల్లి కూడా సెలవు పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "లోపలికి జరుగు బిడ్డా," అన్నాడు మా బావ. ముసలివాళ్ళు తాళాలు తీశారు. నాకు ఆ వారమంతా దగ్గు, గొంతు పట్టేసింది. హార్మోనియం తిత్తి కదిపి, పిల్లకు కనుసైగ చేశాను.

"ఇయ్యాల ముందు నువ్వు పాడు. వంత నేనంటా."

ఆ మాట అనడానికి చాలా సాయంత్రాల నుంచి కూడబలుక్కుంటున్నాను. ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

పిల్ల ముందు చరణం ఎత్తుకుంది. గొంతు ఎంత శుభ్రంగా ఉందంటే రేకుల గది చిన్నదైపోయింది. చరణాన్ని పైకి తీసుకుపోయి, నేను ఆపే చోటే, అంతకంటే బాగా, ఆపింది. నేను ఊపిరి తీసుకున్నాను. నోరు తెరిచాను. అప్పటికే వంత వచ్చేసింది. ఆమె నోటి నుంచే. ఖాళీ లేదు. రెండో చరణానికీ లేదు. డోలక్ మీద మా బావ చేయి ఒక్క క్షణం తడబడి, మళ్ళీ దారిలో పడింది.

మూడో చరణం దగ్గర పిల్ల కళ్ళు నా మీద పడ్డాయి. తెరిచిన నా నోరు చూసింది. పాట ఆపేసింది.

"తాతా, నీకు జాగ ఇడవాల్నా?"

గుమ్మంలో తల్లి కంగారుగా మాకేసి చూసింది. బిడ్డ మళ్ళీ మర్చిపోయిందేమోనని భయపడ్డట్టుంది. అంత దూరం వచ్చాక, గేటు దాకా వచ్చాక.

"వద్దు బిడ్డా," అన్నాను. "సాగనీ."

సాగింది. నేను తాళం వేస్తూ కూర్చున్నాను.